రోబోటిక్స్ జట్టు అనుభవాన్ని లెక్కగట్టి లక్ష్యాలు పెట్టుకోవడం ఎలా

ప్రతి ఏటా జనవరిలో, ఆ సంవత్సరం ఆట ఏమిటో ప్రకటించిన వారం పది రోజులకు, మా జట్టు పిల్లల తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి మాట్లాడతాం. ఖర్చులు, వర్క్‌షాప్ వేళలు, పోటీల తేదీలు, భోజనాల వంతులు అన్నీ అయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈసారి హ్యూస్టన్‌కు వెళతామా అండీ?" టెక్సస్‌లో ఉండే మాకు హ్యూస్టన్ అంత దూరం కాకపోయినా, ఆ ప్రశ్నలోని హ్యూస్టన్ అంటే ఏప్రిల్‌లో అక్కడి జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్ అని అందరికీ తెలుసు. మెంటర్‌గా చేరిన కొత్తలో నేను ఆ ప్రశ్నకు గత ఏడాది ఫలితాన్ని చూసి జవాబు చెప్పేవాణ్ణి. నిరుడు బాగా ఆడాం కాబట్టి ఈ ఏడు ఇంకా బాగా ఆడతాం అనేది నా లెక్క. ఆ లెక్క వరుసగా రెండేళ్లు తప్పింది, రెండుసార్లూ బాధపడింది పిల్లలే. జట్టు అనుభవం అంటే అసలు ఏమిటో, దాన్ని ఎలా కొలవాలో, కొలిచాక ఎంత ఆశించాలో ఆ తర్వాత మేము ఒక పద్ధతి ఏర్పరచుకున్నాం. ఆ పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పేది హైస్కూలు పిల్లలు ఆడే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ గురించి. వాడుకలో అందరూ ఎఫ్‌ఆర్‌సీ అంటారు. డీన్ కేమెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ, 1992లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో ఒక హైస్కూలు జిమ్‌లో 28 జట్లతో మొదలుపెట్టిన ఈ పోటీలో ఇప్పుడు అనేక దేశాల నుంచి మూడు వేలకు పైగా జట్లు ఆడుతున్నాయి. జనవరి మొదట్లో కిక్‌ఆఫ్ రోజున కొత్త ఆట ప్రకటిస్తారు, కొద్ది వారాల్లో రోబో కట్టాలి, ఫిబ్రవరి చివరి నుంచి పోటీలు మొదలవుతాయి. మ్యాచ్ రెండున్నర నిమిషాల చుట్టూ ఉంటుంది. అందులో మొదటి కొద్ది సెకన్లు రోబో తన ప్రోగ్రాంతో తానే నడవాలి (దీన్నే ఆటానమస్ అంటారు), ఆ తర్వాత డ్రైవర్లు నడుపుతారు. ఒక్కో మ్యాచ్‌లో మూడు జట్ల కూటమి, అంటే అలయన్స్, ఇంకో మూడు జట్ల అలయన్స్‌తో తలపడుతుంది. లీగ్ దశలో ఎవరితో కలిసి ఆడాలో జట్లు ఎంచుకోవు, షెడ్యూలే నిర్ణయిస్తుంది. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, దాని అవసరం తర్వాత వస్తుంది.

బంపరు మీది నంబరు జట్టు వయసునే చెబుతుంది

ఎఫ్‌ఆర్‌సీలో జట్లకు నంబర్లు వరుసగా ఇస్తారు. సాధారణంగా నంబరు ఎంత చిన్నదైతే జట్టు అంత పాతది. రోబో బంపరు మీద పెద్ద అంకెలతో రాసి ఉండే ఆ నంబరును చూసి ప్రేక్షకులు, జడ్జీలు, ఎదుటి జట్లు, చివరికి సొంత జట్టు పిల్లలు కూడా ఒక అంచనాకు వచ్చేస్తారు. కాని హైస్కూలు చదువు తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లే. నాలుగేళ్లలో జట్టులోని ప్రతి విద్యార్థీ మారిపోతాడు. ఇరవై ఏళ్ల జట్టంటే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న జట్టు కాదు, అయిదు తరాలు వచ్చి వెళ్లిపోయిన జట్టు. మిగిలేది మెంటర్ల జ్ఞాపకం, అల్మరాల్లోని పనిముట్లు, కంప్యూటర్‌లోని పాత కోడు, గోడ మీది బ్యానర్లు. వీటిలో బ్యానర్లకు తప్ప మిగిలిన వాటన్నిటికీ విలువ ఉంది, అయితే అవి పిల్లల చేతుల్లోకి దిగితేనే.

దీనికి 2022 సీజన్ కంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు. 2020 మార్చిలో, పోటీలు మొదలైన రెండు వారాలకే, కరోనా వల్ల ఆ సీజన్‌ను నిలిపివేశారు. 2021లో జట్లు ఒకచోట కలిసి ఆడే పోటీలు జరగలేదు, ఎవరి ఊళ్లో వాళ్లు చేసి చూపించే పనులే పెట్టారు. 2022లో మళ్లీ మైదానాలు తెరుచుకునేసరికి, 2020లో తొలి రెండు వారాల్లో ఆడని జట్టయితే, 2019 సీజన్‌లో తొమ్మిదో తరగతిలో ఉండి అప్పటికి పన్నెండుకు వచ్చిన పిల్లలు తప్ప నిజమైన పోటీని కళ్లతో చూసినవాళ్లు అందులో లేరు. పదిహేనేళ్ల చరిత్ర ఉన్న జట్లలో కూడా ఇన్‌స్పెక్షన్‌కు, అంటే రోబో నియమాల ప్రకారం ఉందా అని చూసే తనిఖీకి, ఏమేం పట్టుకెళ్లాలో, మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య బ్యాటరీ ఎప్పుడు మార్చాలో చెప్పగల విద్యార్థులు ఒకరిద్దరే ఉన్నారు. నంబరు మాత్రం పాతదే, ఆశలు కూడా పాతవే. ఆ ఏడు చాలామంది పిల్లలు తమ తప్పు లేకుండానే నిరాశపడ్డారు. ఆ సంవత్సరం మహమ్మారి ఒక్కసారిగా చేసిన పనినే, మామూలు ఏళ్లలో ప్రతి మే నెలలోనూ పన్నెండో తరగతి గ్రాడ్యుయేషన్లు కొంచెం కొంచెంగా చేస్తుంటాయి.

ముందుగా చేతుల లెక్క తీయండి

కాబట్టి సెప్టెంబరులో బడి మొదలయ్యాక చేయవలసిన మొదటి పని ఒక పట్టిక రాయడం. ఎడమవైపు పనులు రాయండి, కుడివైపు ఆ పనిని పోటీ ఒత్తిడిలో స్వయంగా చేసినవాళ్ల పేర్లు రాయండి. పనులంటే "మెకానికల్", "ప్రోగ్రామింగ్" అని పెద్ద పెద్ద మాటలు రాస్తే ఉపయోగం లేదు. మ్యాచ్‌లో రోబోను నడిపినవారు, గేమ్ పీసులను తీసుకుని వేసే ఆపరేటర్‌గా చేసినవారు, ఖాళీ చాసిస్‌కు మొదటి నుంచి వైరింగ్ చేసినవారు, బంపర్లు కట్టి ఇన్‌స్పెక్షన్‌లో ఒక్కసారికే పాస్ చేయించినవారు, పోటీలో జట్టు రోబోను బాగుచేసుకునే చోటైన పిట్‌లో ఎనిమిది నిమిషాల్లో విరిగిన భాగం మార్చినవారు, ఆటానమస్ కోడును మైదానంలో సరిచేసినవారు, లీగ్ తర్వాతి ప్లేఆఫ్స్‌కు భాగస్వాములను ఎంచుకునే అలయన్స్ ఎంపిక కోసం, ఇతర జట్ల ఆటను గమనించి స్కౌటింగ్ జాబితా తయారుచేసినవారు, అని విడివిడిగా రాయాలి. పక్కన నిలబడి చూసినవాళ్ల పేరు రాయకూడదు. ఈ నియమం పిల్లలకు మొదట కష్టంగా ఉంటుంది. అయినా సడలించవద్దు, పట్టికకు విలువ వచ్చేది దానివల్లనే.

ఇప్పుడు ఒక్కో వరుసలో ఎన్ని పేర్లున్నాయో చూడండి. పేరు లేని వరుసలో మీరు మొదటి ఏడాది జట్టుతో సమానం, మీ నంబరు ఎంతైనా సరే. ఒకే పేరు ఉండి, ఆ విద్యార్థి పన్నెండో తరగతి అయితే ఈ ఏడు గట్టెక్కుతారు, వచ్చే ఏడు సున్నాకు వస్తారు. ఇద్దరు, అందులో ఒకరు పది లేదా పదకొండో తరగతి అయితే ఆ పనిలో మీకు నిలకడ ఉన్నట్టు. మేము మొదటిసారి ఈ పట్టిక రాసినప్పుడు పదకొండు వరుసల్లో నాలుగు ఖాళీగా వచ్చాయి. అంతకు ముందు వసంతంలో మా జట్టు ప్లేఆఫ్స్ ఆడింది. నడిపిన డ్రైవరు, వైరింగ్ చేసిన అమ్మాయి, కోడు రాసిన ఇద్దరిలో ఒకడు కాలేజీలకు వెళ్లిపోయారు. మేమేమో "నిరటి జట్టే కదా" అనుకుంటూ కూర్చున్నాం.

మెంటర్లకు వేరే పట్టిక రాయండి, రెండింటినీ కలపవద్దు. మెంటరు అనుభవానికి విలువ లేకపోలేదు. ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో, ఏ భాగాన్ని ముందే ఆర్డర్ పెట్టాలో మెంటరుకు తెలిసి ఉంటే రెండు వారాలు కలిసివస్తాయి. కాని మైదానంలో గాజులా కనిపించే ప్లాస్టిక్ గోడ వెనక జాయ్‌స్టిక్ పట్టుకుని నిలబడేది పిల్లలు. మెంటరు అనుభవం చూసి రోబో ఎంత క్లిష్టంగా కట్టవచ్చో నిర్ణయిస్తే, ఆ రోబో పాడైనప్పుడు బాగుచేయలేని పిల్లలు దాని పక్కన నిస్సహాయంగా నిలబడవలసి వస్తుంది. రోబో ఎంత క్లిష్టంగా ఉండవచ్చో పిల్లల పట్టిక నిర్ణయించాలి, పని ఎంత వేగంగా సాగుతుందో మెంటర్ల పట్టికను బట్టి అంచనా వేసుకోవాలి.

మొదటి ఏడాది జట్టు లక్ష్యాలను సెకన్లలో లెక్కించండి

కొత్త జట్లకు నేను చెప్పే మొదటి లక్ష్యం చిన్నదిగా కనిపిస్తుంది: షెడ్యూలులో ఉన్న ప్రతి మ్యాచ్‌కూ రోబో మైదానంలోకి రావాలి, మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా కదులుతూ ఉండాలి. ఇది చిన్నది కాదు. కొత్త జట్లు మ్యాచ్‌లు పోగొట్టుకునేది ఎక్కువగా డిజైన్ బాగాలేక కాదు, రోబో ఆగిపోయి.

ఒక సంఘటన చెబుతాను. మా జట్టు ఒక లీగ్ మ్యాచ్‌లో ఒక కొత్త జట్టుతో కలిసి ఆడింది. వాళ్ల రోబో మొదటి నలభై సెకన్లు చక్కగా తిరిగింది, ఎదుటి రోబో ఒకటి వచ్చి పక్కనుంచి గుద్దగానే నిలిచిపోయింది. లైట్లన్నీ ఆరిపోయాయి. మ్యాచ్ అయ్యాక పిట్‌లో చూస్తే బ్యాటరీ టెర్మినల్ మీది లగ్ (తీగ చివర బిగించే లోహపు ముక్క) చేత్తో తిప్పితే గడియారం ముల్లులా తిరుగుతోంది. బోల్టు బిగించారు కాని గట్టిగా బిగించలేదు, పైన టేపు చుట్టి ఉండటంతో ఎవరికీ కనబడలేదు. దెబ్బ తగిలినప్పుడు ఒక్క క్షణం కరెంటు తెగింది, కంట్రోలర్ రీస్టార్ట్ అయింది, రేడియో మళ్లీ కనెక్ట్ అయ్యేసరికి మ్యాచ్ అయిపోవచ్చింది. ఆ పిల్లలు రెండు నెలలపాటు షూటర్ కోణం గురించి తర్జనభర్జన పడ్డామని చెప్పారు. లగ్ కదలకుండా బిగించి, ప్రతి మ్యాచ్‌కు ముందు వేళ్లతో ఒకసారి తిప్పి చూడాలన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అనుభవం ఉన్న జట్టుకు, లేని జట్టుకు మధ్య తేడా ఎక్కువగా ఇటువంటి చోట ఉంటుంది. రోబో తెలివిలో తేడా అంతకంటే తక్కువే.

రెండో లక్ష్యం పాయింట్లది. దీన్ని ఊహతో కాక కూడికతో పెట్టుకోవాలి. 2024 ఆటను తీసుకుందాం. అందులో నారింజ రంగు ఫోమ్ రింగులను నోట్లు అనేవారు. ఆటానమస్‌లో మొదటి గీత దాటితే 2 పాయింట్లు, అప్పుడే రోబోలో ముందుగా పెట్టుకున్న నోటును స్పీకర్ అనే గోలులో వేస్తే 5. ఆ తర్వాత డ్రైవర్లు నడిపేది 135 సెకన్లు, అప్పుడు స్పీకర్‌లో వేసిన మామూలు నోటుకు 2. చివర పార్కింగ్‌కు 1, గొలుసు పట్టుకుని పైకెక్కితే 3. కొత్త జట్టు అవతలి మూలకు వెళ్లి, నోటు తీసుకుని, తిరిగి వచ్చి, స్పీకర్‌కు ఆనుకుని నిలబడి వేయడానికి 25 నుంచి 30 సెకన్లు పడుతుందనుకోండి. చివరి 20 సెకన్లు పార్కింగ్‌కు తీసేస్తే 115 మిగులుతాయి. అంటే నాలుగు సార్లు. నాలుగులో ఒకటి గురి తప్పుతుందనుకుంటే మూడు నోట్లు, 6 పాయింట్లు. ఆటానమస్‌లో 7, పార్కింగ్ 1. మొత్తం 14. అనుభవం ఉన్న డ్రైవరు అదే పనిని పది సెకన్లలో ముగిస్తే పదకొండు సార్లు తిరుగుతాడు. ఇద్దరికీ రోబో ఒకటే అయినా డ్రైవర్లు నడిపేటప్పుడు వేసే నోట్లు దాదాపు మూడింతలవుతాయి, ఎందుకంటే మారింది తిరిగి రావడానికి పట్టే సమయం.

ఈ కూడిక వేశాక ఇంకో రెండు సంగతులు కనబడతాయి. పైకెక్కే క్లైంబర్‌కూ పార్కింగ్‌కూ తేడా 2 పాయింట్లు, అంటే ఒక్క నోటు. క్లైంబర్ కట్టడానికి కొత్త జట్టుకు రెండు వారాలు పడుతుందనుకుంటే, ఆ రెండు వారాలు డ్రైవరు ప్రాక్టీసు చేసి ఒక్క రౌండు ఎక్కువ తిరగగలిగితే చాలు, లెక్క సరిపోతుంది. పైకెక్కడంవల్ల అలయన్స్‌కు లీగ్ ర్యాంకును పెంచే ర్యాంకింగ్ పాయింటు దొరికే అవకాశం ఉందన్నది నిజమే, కాని దానికి ఇంకో రోబో కూడా ఎక్కగలగాలి. ఇక రెండోది, ఆ సీజన్‌లో డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతపు జట్లు తమలో తాము ఆడే పద్ధతి) స్థాయి పోటీల్లో ఒక అలయన్స్ 18 నోట్లు వేస్తే ఒక ర్యాంకింగ్ పాయింటు వచ్చేది. కొత్త జట్టు వేసే నాలుగైదు నోట్లు అందులో దాదాపు నాలుగో వంతు. "మనం ఏమీ చేయలేకపోయాం" అని పిల్లలు అనుకునే మ్యాచ్‌లోనే ఈ నాలుగో వంతు ఉంటుంది. ముందే లెక్క వేసి గోడ మీద రాసిపెట్టిన జట్టు పిల్లలు అలా అనుకోరు.

డిజైన్ విషయంలో కొత్త జట్టు సిగ్గుపడకుండా అందుబాటులో ఉన్నవి వాడుకోవాలి. ఫస్ట్ ఇచ్చే కిట్‌తో కట్టే కిట్‌బాట్ ఉంది. హ్యూస్టన్ పక్కనే నాసా జాన్సన్ స్పేస్ సెంటర్ అండతో నడిచే 118వ నంబరు జట్టు రోబోనాట్స్, తక్కువ ఖర్చుతో, తక్కువ పనిముట్లతో కట్టగల ఎవ్రీబాట్ డిజైన్‌ను ప్రతి సీజన్‌లో అందరికీ ఉచితంగా ఇస్తోంది. అన్ని దిక్కులకూ జరిగే స్వెర్వ్ చక్రాలు ఇప్పుడు దాదాపు పెద్ద జట్లన్నిటికీ ఉన్నాయి కాబట్టి కొత్త పిల్లలు అవే కావాలంటారు. డబ్బుంటే కొనవచ్చు. కాని నాలుగు మాడ్యూళ్లను సరిచేసి, కాలిబ్రేట్ చేసి, ఒకటి పాడైతే పిట్‌లో మార్చగలిగినవాళ్లు మీ పట్టికలో లేకపోతే, మొదటి ఏడాది ఎడమ, కుడి చక్రాలను వేర్వేరుగా తిప్పే మామూలు ట్యాంక్ డ్రైవ్‌తోనే ఎక్కువ మ్యాచ్‌లు నడుస్తారని నా గట్టి అభిప్రాయం.

రెండో ఏడాది

నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైన సంవత్సరం ఇదే. మొదటి ఏడాది ఎవరూ పెద్దగా ఆశించరు, కొత్త జట్లకు మాత్రమే ఇచ్చే రూకీ అవార్డులు ఉంటాయి, అందరూ భుజం తడతారు. డిస్ట్రిక్ట్ పద్ధతిలో మొదటి ఏడాది జట్టుకు ర్యాంకింగ్ లెక్కలో పది పాయింట్లు అదనంగా ఇస్తారు, రెండో ఏడాది అయిదే ఇస్తారు, మూడో ఏడు నుంచి ఏమీ ఉండదు. అనుభవం మెల్లగా పేరుకుంటుందని ఆ నియమం రాసినవాళ్లే ఒప్పుకున్నారన్నమాట. కాని రెండో ఏడాది పిల్లలకు, తల్లిదండ్రులకు అది కనబడదు.

ఇంకో సంగతి, అలయన్స్ ఎంపిక. లీగ్ దశ ముగిశాక ఎనిమిది అలయన్స్‌ల కెప్టెన్లు ఒకటి నుంచి ఎనిమిది వరకు మొదటి భాగస్వామిని ఎంచుకుంటారు. రెండో భాగస్వామిని ఎనిమిది నుంచి ఒకటి వరకు, వెనక నుంచి ముందుకు ఎంచుకుంటారు. అందువల్ల మొదటి అలయన్స్ రెండో భాగస్వామిని అందరికంటే చివర తీసుకుంటుంది. ఆ చివరి ఎంపికలో ఒక కొత్త జట్టుకు చోటు దొరికి, రెండు పెద్ద జట్ల అండతో పోటీ గెలిచిందనుకోండి. పతకం నిజమైనదే, పిల్లల కష్టమూ నిజమైనదే. కాని మరుసటి ఏడాది జనవరిలో "మనం నిరుడు గెలిచిన జట్టు" అనే మాటతో లక్ష్యాలు పెట్టుకుంటే ఆ జట్టు కుంగిపోతుంది. ఇలా కుంగి మూడో ఏడాదికి సగం మంది మానేసిన జట్టును దగ్గరగా చూశాను, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. రెండో ఏడాది జట్టు గెలుపును పక్కనబెట్టి, నిరుడు సొంతంగా ఒక్కో మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్లు వేసిందో స్కౌటింగ్ కాగితాల్లోంచి తీసి, దానికి ఒకే ఒక్క కొత్త సామర్థ్యం జోడించి లక్ష్యం పెట్టుకోవాలి. డ్రైవరు మారకుండా ఉంటే ఇంకొంచెం ఎక్కువ ఆశించవచ్చు.

పాత జట్టుకు అనుభవమే అడ్డం పడే తీరు

పాత జట్లలో అనుభవం ఉపకారం చేసినంతగా అపకారమూ చేస్తుంది. నిరుడు బాగా పనిచేసిన ఇన్‌టేక్‌ను, అంటే ఆట వస్తువును లోపలికి తీసుకునే భాగాన్ని, కొత్త ఆట వస్తువుకు బలవంతంగా సరిపెట్టాలనిపిస్తుంది. ఫలానా పని మనవల్ల కాదని పదకొండో తరగతి పిల్లలు తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పేస్తారు, వాళ్లు ప్రయత్నించకుండానే నమ్మేస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆలస్యమవుతోందని మెంటరు తానే స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. నేనూ అందుకున్నాను. ఆ రాత్రి పని త్వరగా ముగిసింది, పోటీలో అదే భాగం ఊడిపోయినప్పుడు దాన్ని తిరిగి బిగించడం ఒక్క విద్యార్థికీ రాలేదు.

పూర్వం కిక్‌ఆఫ్ తర్వాత ఆరు వారాలకు రోబోను సంచిలో పెట్టి సీలు వేయాల్సిన నియమం ఉండేది, 2020 సీజన్ నుంచి దాన్ని తీసేశారు. అప్పటి నుంచి పాత జట్ల ఆశలు సీజన్ పొడవునా పెరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే చివరి పోటీ దాకా ఏదో ఒకటి మార్చే వీలుంది. ఇటువంటి జట్టుకు నా సలహా, మొదటి పోటీకి రెండు వారాల ముందు కొత్త భాగాలు చేర్చడం మానేసి ఆ రోజులన్నీ డ్రైవింగ్‌కు ఇవ్వమని. వేసవి తర్వాత జరిగే ఆఫ్‌సీజన్ పోటీలకు తప్పక వెళ్లండి, వెళ్లినప్పుడు పాత డ్రైవరును కూర్చోబెట్టి తొమ్మిదో తరగతి పిల్లల చేతికి జాయ్‌స్టిక్ ఇవ్వండి. అక్టోబరులో ఓడిన మ్యాచ్‌ల వల్ల ఎవరికీ నష్టం లేదు, పట్టికలో మాత్రం ఒక పేరు చేరుతుంది.

ఎఫ్‌ఎల్‌ఎల్ అనుభవంతో వచ్చే పిల్లలు

అమెరికాలోని మన తెలుగు కుటుంబాల పిల్లల్లో చాలామంది చిన్న తరగతుల్లో ఫస్ట్ లెగో లీగ్ (ఎఫ్‌ఎల్‌ఎల్) ఆడి హైస్కూలుకు వస్తారు. వాళ్లకు అనుభవం ఉంది, అందులో సందేహం లేదు. కాని ఒక పోటీలో నేర్చుకున్న అంచనా ఇంకో పోటీలో తప్పుదారి పట్టిస్తుంది. లెగో లీగ్‌లో రోబో బల్ల మీద ఒంటరిగా తన పనులు చేసుకుంటుంది, అడ్డగించేవారు లేరు. మూడు రౌండ్లలో అత్యుత్తమమైనదే లెక్కకు వస్తుంది. అందుకే ఆ పిల్లలు తమ రోబో చేయగల గొప్ప పని ఏమిటో చూస్తారు. ఎఫ్‌ఆర్‌సీలో ప్రతి మ్యాచ్ లెక్కకు వస్తుంది, ఎదుటివాళ్లు అడ్డం వస్తారు. ఇక్కడ చూడాల్సింది పదిసార్లలో తొమ్మిదిసార్లు చేయగలిగేది ఏమిటని. ఇది మొదటి నెలలోనే చెప్పకపోతే పిల్లలు ప్రాక్టీసులో ఒకసారి జరిగిన అద్భుతాన్ని పట్టుకుని లక్ష్యం రాస్తారు.

ఇంటి దగ్గరి అంచనాలు ఇంకో రకం. మన తల్లిదండ్రులకు ర్యాంకు అంటే ఎంసెట్ ర్యాంకు. ఒక్కడే కూర్చుని రాసిన పరీక్ష, వచ్చిన ర్యాంకు వాడిదే. ఎఫ్‌ఆర్‌సీలో 23వ ర్యాంకు అంటే అలా కాదు. డిస్ట్రిక్ట్ పోటీలో ఒక జట్టు ఆడేది 12 లీగ్ మ్యాచ్‌లు, ప్రతి మ్యాచ్‌లోనూ కూటమిలో మూడింట రెండు వంతులు వేరే జట్లు. ఆ జట్లు ఎవరో షెడ్యూలు నిర్ణయించింది. మంచి రోబో ఉండీ చెడ్డ షెడ్యూలుతో కింద పడినవాళ్లు, సాధారణ రోబోతో పైకి వెళ్లినవాళ్లు ప్రతి పోటీలోనూ ఉంటారు. అందుకే సమావేశంలో తల్లిదండ్రులకు ర్యాంకు లక్ష్యం చెప్పడం మానేశాం. "సగటున 14 పాయింట్లు, 12 మ్యాచ్‌ల్లో కనీసం 11 మ్యాచ్‌లు ఆగకుండా నడవడం, ఇన్‌స్పెక్షన్ మొదటి రోజు సాయంత్రానికి పూర్తి" అని చెబుతాం. పోటీ మధ్యలో ఇంటికి ఫోను చేసిన పిల్లవాడిని "ఎంత ర్యాంకు?" అని కాక "ఈ మ్యాచ్‌లో ఎన్ని వేశారు?" అని అడిగే తల్లిదండ్రులు ఇప్పుడు మాకు ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

మొదటి పోటీ తర్వాత లెక్క సరిచూడటం, ఇతర జట్లను అంచనా కట్టడం

డిస్ట్రిక్టుల్లో ప్రతి జట్టుకూ కనీసం రెండు పోటీలు ఉంటాయి కాబట్టి మొదటిదాన్ని కొలతగా వాడుకోవాలి. గోడ మీది అంచనా పక్కన అసలు సంఖ్య రాయండి. అంచనా కంటే తక్కువ వస్తే కారణం రోబో ఆగిపోవడమా, డ్రైవింగ్ నెమ్మదా, గురి తప్పడమా అని మూడుగా విడదీయండి. ఆగిపోవడమైతే అనుభవం తక్కువైన వరుస ఏదో పట్టికలో వెతికితే సాధారణంగా దొరుకుతుంది. డ్రైవింగ్ అయితే రోజూ గంట. గురి తప్పడమైతే ఒక్క వారం డిజైనుకు ఇవ్వవచ్చు. మొత్తం మార్చేద్దామనే ఉత్సాహం ఆదివారం రాత్రి బస్సులోనే పుడుతుంది, మంగళవారం దాకా ఆగండి.

ఇతర జట్లను చూసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. స్టాట్‌బాటిక్స్ వంటి వెబ్‌సైట్లలో ప్రతి జట్టు మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లు తెస్తుందో అంచనా సంఖ్య ఇస్తారు. సీజన్ మొదట్లో ఆ సంఖ్య ఆ జట్టు గత సీజన్ల మీద ఆధారపడి ఉంటుంది, మ్యాచ్‌లు జరిగేకొద్దీ మారుతుంది. కాబట్టి తొలి వారాల్లో దాన్ని చూసి భయపడటంగాని ధీమా పడటంగాని పనికిరాదు. మీ స్కౌట్లు కళ్లతో చూసి రాసిన ఆరు మ్యాచ్‌ల కాగితం దానికంటే మేలు.

మీ భాగస్వామి కొత్త జట్టయితే, మ్యాచ్‌కు ముందు "మీరు డిఫెన్స్ ఆడండి" అని తేల్చేయకండి. "మీ రోబో తప్పకుండా చేయగలిగేది ఏమిటి?" అని అడగండి, చెప్పిందాన్ని ప్రణాళికలో చేర్చండి. ఎంఐటీ ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్ ఈ పోటీకి ఇచ్చిన గ్రేషస్ ప్రొఫెషనలిజం అన్న మాట ప్రతి పోటీలోనూ వినిపిస్తుంది. గట్టిగా పోటీపడుతూనే ఎదుటివాళ్లను గౌరవించడం అని దాని భావం. నాకు అది అన్నిటికంటే స్పష్టంగా కనబడేది మ్యాచ్‌కు ముందు క్యూలో నిలబడి, పెద్ద జట్టు డ్రైవరు వంగి కొత్త జట్టు బ్యాటరీ లగ్‌ను వేలితో తిప్పి చూసినప్పుడు.

ఇక మే నెల. చివరి పోటీ అయ్యాక, పన్నెండో తరగతి పిల్లల గ్రాడ్యుయేషన్‌కు ముందు రెండు శనివారాలు పట్టికకే కేటాయించండి. ఒక్కరి పేరే ఉన్న ప్రతి వరుస దగ్గర ఆ సీనియర్ కూర్చుంటాడు, ఇద్దరు చిన్నవాళ్లు అతని ముందు అదే పని మొదటి నుంచి చివరి దాకా చేస్తారు, అతను చేయి పెట్టకూడదు. పోయిన మేలో మా వైరింగ్ అమ్మాయి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు బ్యాటరీ కేబుల్ కొసకు లగ్ నొక్కి బిగించడం (క్రింప్ చేయడం) చూసింది. మొదటి రెండు లగ్‌లు లాగగానే ఊడి వచ్చాయి. మూడోదాన్ని ముగ్గురూ కలిసి లాగినా రాలేదు. అప్పుడు ఆమె లేచి వెళ్లి, పట్టికలో తన పేరు కొట్టేసి, ముగ్గురి పేర్లూ పెన్సిల్‌తో రాసింది. పెన్సిల్ ఎందుకని అడిగితే, ఇంకా పోటీలో చేయలేదు కదా అంది.